ప్రమాణమునకు సాక్షి యెవరు?

మన భాషలో ప్రమాణమను మాటకు మూడర్థములు కలవు. కొలతను ప్రమాణమందుము, యథార్థమును తెలియజేయు సాధనమును ప్రమాణమందుము, దైవమును ఎదుట నిలుపుకొని చేసిన బాసను ప్రమాణమందుము. ఈ మూడును ఒకే పదమున ఇమిడియుండుట వట్టి యాదృచ్ఛికమని నేను తలపను. మానిక దొంగమానిక యైనపుడు కొనువాడు మోసపోవుట యటుండ, అమ్మువానికిని తన గాదెలో ధాన్యమెంత కలదో తెలియకుండ పోవును. అట్లే బాస తప్పినవాడు ఎదుటివానిని వంచించుటకు ముందే తన్ను తాను కొలుచుకొను కొలబద్దను విరుచుకొనుచున్నాడు. ఆ తరువాత తన భక్తి యెంతయో, తన శౌర్యమెంతయో, తన జీవితమునకు విలువ యెంతయో నిర్ణయించుకొనుటకు అతనియొద్ద సాధనమేదియు మిగులదు.

ఇది యెవరికిని తెలియని ధర్మము కాదు. ప్రతి మతమును సత్యమును కొనియాడినదే. ప్రతి దేశమును ఆడి తప్పినవానిని ఏవగించుకొన్నదే. అయినను ధర్మ మెరిగినవారే, దైవమునందు గాఢమైన నిష్ఠ కలవారే, ఒక్క చోట మాత్రము తడబడుచు వచ్చిరి. నా దేవుని నమ్మనివానికి నా దేవుని పేర నేనిచ్చిన మాట నన్ను బంధించునా? బంధింపదని చెప్పినవారు అన్ని మతములందును కలరు. ఆ సమాధానము మనుష్యుని ఎచ్చటికి చేర్చునో తెలిసికొనుటకు, 12వ శతాబ్దమున పాలస్తీనా భూమిపై జీవించి మరణించిన ఒక ఫ్రెంచి ప్రభువు కథను శ్రద్ధగా చదివిన చాలును. అతడు షాటియాన్ రేనాల్డు. అరబ్బు చరిత్రకారులు అతనిని అర్నాత్ అని పిలిచి, ఫ్రాంకులు, అనగా పశ్చిమ క్రైస్తవులు, అందరిలోను దుష్టునిగా వర్ణించిరి. అతడు గతించిన స్వల్పకాలమునకే ఐరోపాలో ఒక విద్వాంసుడు అతనిని మతము కొరకు ప్రాణమర్పించిన పునీతునిగా కీర్తించుచు గ్రంథము రచించెను. ఒకే మనుష్యుని గూర్చి ఇంత దూరమున నిలిచిన ఈ రెండు తీర్పులును ఎట్లు పుట్టినవో విచారించుట వ్యర్థము కాదు.

రేనాల్డు ఫ్రాన్సు దేశపు మధ్యభాగమున, 1125 ప్రాంతమున, ఒక ప్రభువంశమున చిన్న కుమారుడుగా జన్మించెను. జ్యేష్ఠపుత్రునికే ప్రధానముగా ఆస్తి సంక్రమించు ఆ సమాజమున చిన్నవానికి మిగులునది గుఱ్ఱమును, ఖడ్గమును, దూరదేశములందు దొరకవచ్చునను ఆశయును. 1147వ సంవత్సరమున రెండవ శిలువ యుద్ధమునకై ఫ్రాన్సు రాజగు ఏడవ లూయీ తూర్పునకు బయలుదేరినపుడు ఇతడును ఆ సేనతో వచ్చి, రాజు తిరిగిపోయినను తాను తిరిగిపోక, యెరూషలేము రాజగు మూడవ బాల్డ్విను కొలువున చేరెను. 1153లో అంతియొకయ సంస్థానపు రాణియగు కాన్స్టెన్సు ఇతనిని వరించెను. ఆమె భర్త 1149లో సిరియాలోని ముస్లిము పాలకుడగు నూరుద్దీనుతో జరిగిన యుద్ధమున హతుడై యుండెను. గొప్పగొప్ప వంశముల వారిని ఆమె అంతకుముందు నిరాకరించి యుండెను. అట్టి మహారాణి సామాన్య సైనికుని వంటివానిని పెండ్లాడుటను గూర్చి, ఆ యుగపు మహాచరిత్రకారుడును తూరు పట్టణపు ఆర్చిబిషప్పును అగు విలియము తన ఆశ్చర్యమును దాచుకొనలేదు.

అధికారము చేతికి రాగానే రేనాల్డు చేసిన మొదటి ఘోరకృత్యమునకు గురియైనవాడు తన మతమునకే పెద్దయగు అంతియొకయ పేట్రియార్కు ఎమరీ. ఆ వృద్ధుడు ఈ వివాహమును హర్షింపలేదు. రేనాల్డు కోరిన ధనమును ఇయ్యలేదు. రేనాల్డు అతనిని బంధించి, కొట్టించి, తలపై గాయములకు తేనె పూయించి, మండుటెండలో కోట పైభాగమున కూర్చుండబెట్టి ఈగలకును కీటకములకును అప్పగించెను. యెరూషలేము రాజు దూతలను పంపి గద్దించిన తరువాతనే అతనికి విముక్తి లభించినది. శిలువ గురుతును భుజమున ధరించి, యేసుక్రీస్తు సమాధిని రక్షించుటకై సముద్రములు దాటి వచ్చినవాడు, ఆ క్రీస్తు పేర దీవెనలిచ్చు వృద్ధుని యెడల ఇట్లు ప్రవర్తించుటను మనము మరువరాదు. ముందు రానున్న విచారణకు ఇది ముఖ్యమైన సాక్ష్యము.

రెండవ కృత్యము సైప్రసు ద్వీపమున జరిగినది. అర్మీనియా ప్రభువగు తోరోసుపై దండెత్తుమని బైజాంటియ చక్రవర్తి మాన్యుయేలు రేనాల్డును ప్రేరేపించి, దానికి ప్రతిఫలముగా ధనమును వాగ్దానము చేసెను. యుద్ధము జరిగెను, ధనము మాత్రము రాలేదు. ఆ క్రోధమున రేనాల్డు నిన్నటి శత్రువగు ఆ తోరోసుతోనే చేతులు కలిపి, చక్రవర్తికి చెందిన సైప్రసు ద్వీపముపై 1156 ప్రాంతమున విరుచుకొని పడెను. ఆ ద్వీపవాసులు క్రైస్తవులు. వారు ఏ యుద్ధమునను పాలుగొన్నవారు కారు. దాదాపు మూడు వారములు పొలములు తగులబడినవి, ఆలయములును మఠములును దోపిడియైనవి, మతాచార్యులు అంగచ్ఛేదమునకు గురియైరి. కొన్నేండ్లకు చక్రవర్తి మహాసేనతో సిలీషియాకు వచ్చినపుడు, ఎదిరించు బలము లేని రేనాల్డు మామిస్త్రా పట్టణము వెలుపల నున్న శిబిరమునకు పాదరక్షలు లేకుండ నడిచి వెళ్లి, ఖడ్గమును మొన వైపున పట్టుకొని పిడిని చక్రవర్తికి అందించి, అనేక దేశముల రాయబారులు చూచుచుండగా ధూళిలో సాగిలపడెను. 1159లో మాన్యుయేలు అంతియొకయలో విజయయాత్ర చేసినపుడు అతని గుఱ్ఱము ప్రక్కన కాలినడకన సాగినవాడును ఇతడే.

ఈ రెండు కథలను నేను విస్తరించి చెప్పుటకు కారణ మున్నది. రేనాల్డును సమర్థించువారు సాధారణముగా అతని దోషములను మతోత్సాహపు అతిరేకములుగా భావించి, అన్యమతస్థుల యెడల కఠినుడైనను తన మతమునకు నిష్కపటసేవకుడని చెప్పుదురు. కాని ముస్లిములతో అతని వైరము ప్రఖ్యాతి కెక్కకముందే అతని చేతికి చిక్కి బాధలు పడినవారు క్రైస్తవ పీఠాధిపతియు, క్రైస్తవ సన్న్యాసులును, క్రైస్తవ కృషీవలులును అయిరి. దయను తనవారి యెడల నేర్వనివానికి పరుల యెడల అది పుట్టుకొని రాదు. ఆడినమాట విషయమునను అంతియే యని మనము క్రమముగా చూడగలము.

1160 లేక 1161వ సంవత్సరమున పశువుల మందలను తోలుకొని వచ్చుటకై శత్రుభూమిలోనికి చొచ్చుకొనిపోయిన రేనాల్డు అలెప్పో పాలకునికి చిక్కెను. ఆ చెర పదునైదేండ్లు. ఈ మధ్య అతని భార్య మరణించెను. సంస్థానము సవతికొడుకు వశమాయెను. నూరుద్దీను గతించి, సలాదీను ఈజిప్టుకును దమస్కునకును అధిపతి యాయెను. 1176లో లక్షా ఇరువది వేల దీనారముల విమోచనధనముపై బయటికి వచ్చినపుడు రేనాల్డునకు ఏబదియేండ్లు నిండియుండెను. అంతటి దీర్ఘకారాగారము కొందరిని ఋషులను చేయును, కొందరిని శిథిలులను చేయును. రేనాల్డును అది ఒక్క పట్టుదలకు కుదించి విడిచినట్లు కనబడును. తన్ను బంధించినవారితో సంధి యను భావమే అతనికి సహింపరాని దాయెను.

అతడు మరల వివాహమాడెను. ఆ వధువు స్టెఫానీ యొర్దాను నదికి ఆవలి సీమకు అధికారిణి. ఆమెతో కూడ అతనికి మోయాబు కొండలపైని కెరక్ దుర్గమును, దానికి దక్షిణముననున్న మాంట్రియల్ దుర్గమును సంక్రమించినవి. ఈ దుర్గముల నీడలోనే ఈజిప్టునకును సిరియాకును నడుమ వర్తకుల బిడారులు నడుచును. దమస్కునుండి మక్కాకు పోవు యాత్రికులును ఆ సీమ మీదుగనే పోవుదురు. సలాదీను రాజ్యపు రెండు రెక్కలను కలుపు నరము ఎచ్చట కలదో అచ్చటనే రేనాల్డు కూర్చుండెను. 1177 నవంబరు 25న మాంట్‌గిసార్డు వద్ద, కుష్ఠరోగపీడితుడైన బాలరాజు నాలుగవ బాల్డ్విను సలాదీను మహాసేనను చెదరగొట్టినపుడు, ఆ యుద్ధమున రేనాల్డు ప్రముఖపాత్ర వహించెను. అతని ధైర్యము శంకింపరానిది. సలాదీను క్రమముగా చుట్టుముట్టుచున్న ఆ చిన్న రాజ్యమునకు ఈజిప్టు సిరియాల సంబంధమును తెంచుటయే రక్షణోపాయమని గ్రహించిన యుద్ధనీతిజ్ఞుడని బెర్నార్డ్ హామిల్టన్ వంటి ఆధునిక చరిత్రకారులు అతని పక్షమున వాదించుదురు. ఆ వాదమున బలము కలదు. న్యాయముగా విచారింపదలచిన వాడు దానిని విస్మరింపరాదు.

కాని 1180లో యెరూషలేము రాజును సలాదీనును సంధి చేసికొనిరి. వర్తకులును యాత్రికులును నిర్భయముగా సంచరింపవచ్చునని ఉభయులును అంగీకరించిరి. 1181లో రేనాల్డు అరేబియా ఎడారిలోనికి తైమా వరకు చొచ్చుకొనిపోయి, సంధి యమలులో నుండగనే బిడారును దోచెను. పరిహార మిమ్మని తన రాజే కోరినను ఇయ్యలేదు. 1182 చివర అతడు తలపెట్టిన సాహసము అంతకంటె విపరీతమైనది. ఓడలను భాగములుగా నిర్మింపజేసి, ఒంటెలపై ఎడారి దాటించి, అకాబా సింధుశాఖలో కూర్పించి ఎఱ్ఱసముద్రమున విడిచెను. ఆ ఓడలు ఈజిప్టు తీరమున ఐదాబు రేవును కొల్లగొట్టినవి. హజ్ యాత్రికుల నౌకలను పట్టుకొన్నవి. ఆ మనుష్యులు హిజాజు తీరమున దిగి మదీనా దిక్కునకు సాగిరి. సలాదీను సోదరుడు పంపిన నౌకాధిపతి లూలూ వారిని వెంటాడి పట్టుకొనెను. బందీలను వివిధ నగరములకు కొనిపోయి వధించిరి; ఇద్దరిని హజ్ దినములలో మక్కా చెంతనున్న మినాలో వధించిరి. స్పెయిను యాత్రికుడగు ఇబ్న్ జుబైరు 1183లో అలెగ్జాండ్రియాలో ఆ బందీలు ఒంటెలపై తోకవైపు ముఖములు పెట్టుకొని కూర్చుండి ఊరేగింపబడుట కన్నులార చూచి వ్రాసెను. నిరాయుధులై దైవదర్శనమునకు పోవు యాత్రికులను చంపుటకు ఏ యుద్ధనీతియు చాలదు. తానును ఒకప్పుడు యాత్రికుని వేషముననే ఆ భూమికి వచ్చినవాడు గదా!

ఇక అసలు సంగతికి వత్తము. 1185లో ట్రిపోలీ ప్రభువగు రేమండు, రాజ్యప్రతినిధియై, సలాదీనుతో నాలుగేండ్లకు సంధి చేసెను. 1186 చివరనో, 1187 మొదటనో, కైరోనుండి దమస్కునకు పోవుచున్న సంపన్నమైన ఒక బిడారును రేనాల్డు పట్టుకొని మనుష్యులను చెరసాలలో వేసెను. సలాదీను యుద్ధమునకు దిగక ముందు దూతలను పంపి, బందీలను ధనమును తిరిగి యిమ్మని కోరెను. అప్పటి రాజు గై ఆ కోరిక న్యాయమని గుర్తించి రేనాల్డును ఆజ్ఞాపించెను. రాజు తన భూమికి ఎట్లు ప్రభువో తాను తన భూమికి అట్లే ప్రభువనియు, సరాసెనులతో, అనగా ముస్లిములతో, తనకు సంధి లేదనియు రేనాల్డు బదులు పలికినట్లు పాశ్చాత్య చరిత్రకారులే వ్రాసిరి. ఇట్లు ఆజ్ఞను నిరాకరించుట ప్రభువుల స్వాతంత్ర్యమునకు సంబంధించినదిగా పైకి కనబడును. లోపల నున్నది మన ప్రశ్నయే. అవిశ్వాసులతో చేసిన బాస బాస కాదను నమ్మకమే ఆ సమాధానమునకు వెన్నెముక.

ఈ నమ్మకమును మొదట రేనాల్డు స్వీయధర్మగ్రంథముతోనే పరీక్షింతము. యెహోషువ కాలమున గిబియోనీయులు పాతబడిన చెప్పులతోను చినిగిన ద్రాక్షారసపు తిత్తులతోను వచ్చి, తాము దూరదేశస్థులమని బొంకి, ఇశ్రాయేలు పెద్దలచేత దేవుని పేర ప్రమాణము చేయించుకొనిరి. మూడు దినములలో మోసము బయటపడినది. గిబియోనీయులు అన్యమతస్థులు, పైగా వంచకులు. అయినను పెద్దలు ఆ ప్రమాణమును తప్పలేదు. తరువాత సౌలు ఆ ప్రమాణము నుల్లంఘించి వారిని చంపగా, ఆ పాపఫలముగా దావీదు కాలమున మూడేండ్లు కరవు వచ్చినదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. యూదా రాజగు సిద్కియా, విగ్రహారాధకుడగు బబులోను రాజు నెబుకద్నెజరునకు దేవుని పేర ప్రమాణము చేసి తప్పినపుడు, యెహెజ్కేలు ప్రవక్త దానిని రాజద్రోహముగా మాత్రమే ఎంచలేదు. సిద్కియా తృణీకరించినది దేవుని ప్రమాణమనియే ప్రకటించెను. ఎంతటి సూక్ష్మమైన దృష్టి! ప్రమాణము ఎవరికి చేయబడినదను మాట అట్లుండనిమ్ము. ఎవరి పేర చేయబడినదో ఆయనకే అది చెందును. అన్యునికిచ్చిన మాటను తప్పినవాడు అన్యుని సొత్తును అపహరించుట లేదు, దైవము సొత్తును అపహరించుచున్నాడు. ఖుర్ఆనునందును, ఒడంబడికను భంగపరుపని బహుదైవారాధకులతో ఒప్పందమును గడువు తీరువరకు నెరవేర్చుమను ఆజ్ఞ తొమ్మిదవ అధ్యాయమున కలదు.

మన సంప్రదాయమున ఈ ధర్మము ఇంకను కఠినమైన పరీక్షకు నిలిచినది. పోతన తెలుగు చేసిన భాగవతమున వామనుని రూపమున వచ్చినవాడు తన వంశమునకు వైరియగు విష్ణువే యని శుక్రాచార్యుడు గుర్తించి బలిచక్రవర్తిని హెచ్చరించును. ప్రాణమునకును ధనమునకును ముప్పు కలిగిన చోట అసత్యము దోషము కాదని గురువు శాస్త్రమును చూపును. మాట పుచ్చుకొన్నవాడు శత్రువు. మాట తప్పుమని చెప్పినవాడు గురువు. తప్పుటకు శాస్త్రాధారము సిద్ధముగా నున్నది. ఇన్ని అనుకూలతలు కలిగియు బలి తప్పలేదు. గురుశాపమును శిరసావహించెను గాని మాటను వెనుకకు తీసికొనలేదు. దైత్యకులమున బుట్టిన ఆ రాజును మన తల్లులు నేటికిని బిడ్డలకు ఆదర్శముగా చెప్పుచున్నారన్నచో దాని కర్థమేమి? మాట పవిత్రత పుచ్చుకొన్నవాని కులమునందు గాని, ఇచ్చినవాని కులమునందు గాని లేదని మన జాతి ఎన్నడో గ్రహించినది.

సత్యమునకు మినహాయింపులే లేవా యని ఒకరు ప్రశ్నింపవచ్చును. దొంగలకు బాటసారుల జాడ నిజముగా చెప్పి వారి వధకు కారకుడైన కౌశికుడు నరకమునకు పోయెనని భారతమున శ్రీకృష్ణుడే అర్జునునకు బోధించెను. నిజమే. కాని కౌశికుని కథ నిరపరాధుల ప్రాణములను కాపాడుటకై మాటను వంచుటను గూర్చినది. బిడారు కథ నిరపరాధులను చెరపట్టుటకై మాటను తెంచుటను గూర్చినది. కరుణ సత్యమును మించి పోవచ్చునేమో గాని, లాభము మించిపోజాలదు. ఈ భేదము నెరుగక, మహాపురుషులు విషమఘట్టములందు చూపిన సడలింపులను తన దోపిడికి కవచముగా తొడుగుకొనువాడు శాస్త్రమును చదివినవాడు కాడు, దొంగిలించినవాడు.

1187 జూలై మొదటి వారమున ఈ ఋణము చెల్లింపబడినది. రేనాల్డును స్వహస్తముతో వధింతునని సలాదీను అప్పటికే శపథము చేసియుండెను. అతడు తిబెరియ పట్టణమును ముట్టడింపగా, యెరూషలేము రాజ్యపు సర్వసైన్యమును సెఫోరియా ఊటల వద్ద చేరినది. తిబెరియలో చిక్కుకొన్నది తన భార్యయే అయినను, నీళ్లులేని ఎండుభూమిని దాటి పోవుట ఆత్మహత్య యని రేమండు చెప్పెను. అతని మాటను టెంప్లరులను సన్న్యాసియోధుల సంఘపు నాయకుడు గెరార్డును రేనాల్డును తిరస్కరించిరి. జూలై 3న సైన్యము కదలినది. ఆ రాత్రి దాహముతో నాలుకలెండి, శత్రువులు తగులబెట్టిన గడ్డి పొగలో ఊపిరాడక, 4వ తేదీన హత్తీను కొమ్ములను జంటశిఖరముల కొండపై నశించినది. క్రీస్తును వేసినదని నమ్మి వారు ప్రాణము కంటె మిన్నగా పూజించు నిజశిలువ శత్రువుల పాలాయెను. గలిలయ సరస్సు కన్నులకు కనబడుచుండగా నీటిచుక్క లేక కూలిన ఆ వేలమందిలో కైరో బిడారును దోచినవారెందరు? ఒక్కరి మాట తప్పుదల ఊరికంతటికి ఉరియగుట చరిత్రలో ఇంత స్పష్టముగా మరియొకచోట కనబడుట అరుదు.

ఆ సాయంకాలము సలాదీను గుడారములోనికి రాజగు గైని, రేనాల్డును తీసికొని వచ్చిరి. దాహముతో అలమటించుచున్న రాజునకు సలాదీను మంచుతో చల్లార్చిన పానీయము నందించెను. రాజు త్రాగి పాత్రను రేనాల్డునకిచ్చెను. వెంటనే సలాదీను, ఈ నీరు రేనాల్డునకు తాను ఇచ్చినది కాదని దుబాసిచేత చెప్పించెను. బందీకి తన చేతితో అన్నమో నీరో పెట్టినవాడు వానిని చంపరాదని అరబ్బుల ఆచారము. సంధిపత్రములు, రాజముద్రలు, సాక్షులు ఉన్న ప్రమాణములను తృణముగా నెంచిన రేనాల్డు ఎదుట, మాటయే లేని ఒక నీటిపాత్ర మౌనముగా మోయగల ప్రమాణమునకు సైతము భయపడిన మనుష్యుడు నిలిచియుండెను. పిదప సలాదీను అతని బాసదప్పుటలను ఏకరువు పెట్టెను. రాజుల అలవాటు ఇట్టిదే యనియు, తానును ఆ త్రోవనే నడిచితిననియు రేనాల్డు పలికినట్లు అచ్చట నున్న సలాదీను కార్యదర్శి ఇమాదుద్దీను వ్రాసెను. ఇస్లామును స్వీకరింపుమని సలాదీను కోరగా అతడు నిరాకరించెను. సలాదీను కత్తి దూసి కొట్టెను. భటులు తల దునిమిరి. వణకుచున్న గైతో, రాజులు రాజులను చంపుట ఆచారము కాదనియు, ఇతడు హద్దు మీరినందుననే ఇట్లయ్యెననియు చెప్పి ఊరడించెను.

ఈ మరణవార్త పోపు కొలువునకు చేరినపుడు అచ్చటనున్న విద్వాంసుడు బ్లువా పీటరు, రేనాల్డును పునీతునిగా చిత్రించు గ్రంథమును రచించెను. ప్రాణము దక్కు త్రోవ ఎదుట తెరచియుండగా, ఒక్క మాటతో బ్రదుకగలిగియుండగా, తన దేవుని విడువక తల నిచ్చినవాడు పునీతుడు కాక మరేమి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. జీవితమంతయు మాటలు తప్పిన మనుష్యుడు, ఒక్క మాటను, అన్నిటికంటె మొదటిదియగు జ్ఞానస్నానపు బాసను, కత్తి మెడపై నుండగా తప్పలేదు. నాకు ఆ నిమిషమున అతని యెడల గౌరవమే కలుగుచున్నది. దానిని దాచుకొనుట అసత్యమగును.

అయినను, గ్రీకు భాషలో మార్టిర్ అనగా సాక్షి. అరబ్బీలో షహీద్ అనగాను సాక్షి. మతము కొరకు ప్రాణమిచ్చినవానిని ఈ రెండు జాతులును ఒకే పేర పిలిచినవి. ప్రమాణమున మనుష్యుడు దైవమును సాక్షిగా పిలుచును. ప్రాణత్యాగమున దైవమునకు మనుష్యుడు సాక్షి యగును. ఈ రెండును ఒకే సంబంధమునకు రెండు కొసలు. మొదటి కొసను నలుబదియేండ్లు నలుగగొట్టినవాడు రెండవ కొసను ఒక్క నిమిషము పట్టుకొన్నంత మాత్రమున ఆ త్రాడు నిలుచునా? భారతమున స్వర్గమునకు పోయిన ధర్మరాజునకు మొట్టమొదట కనబడినవాడు సింహాసనముపై వెలుగుచున్న దుర్యోధనుడు. ధర్మరాజు సహింపలేకపోయెను. క్షత్రియధర్మము ననుసరించి రణమున వెనుదీయక మరణించినందులకు అతనికి ఆ లోకము దక్కినదని నారదుడు చెప్పెను. మన ఇతిహాసము ఆ వీరమరణపు విలువను కాదనలేదు. కాని దానిని చూపి జూదమును, లాక్షాగృహమును, సభాపర్వమును మాపివేయనులేదు. దుర్యోధనుని స్వర్గము దుర్యోధనునిది. ద్రౌపది కన్నీరు ద్రౌపదిది. ఒకటి రెండవదానికి పరిహారము కాజాలదు. రేనాల్డు మరణమును గూర్చియు నేనింతకు మించి చెప్పజాలను.

ఈ కొలబద్దను సలాదీనునకు చూపకుండుట న్యాయము కాదు. చేతికి చిక్కిన బందీని స్వయముగా చంపుట శపథమును చెల్లించుకొనుటయే కావచ్చును. కాని చేయదగని శపథమును చెల్లించుటవలన అది ధర్మము కాదు. అంతకంటె ఘోరముగా, టెంప్లరు, హాస్పిటలరు సంఘముల వీరులను రెండువందలకు పైగా, ఒక్కొక్కనికి ఏబది దీనారములిచ్చి కొనిపించి, సూఫీలచేతను పండితులచేతను తలలు కొట్టించెను. వారిలో మతము మార్చుకొనుటకు అంగీకరించినవారు స్వల్పసంఖ్యాకులు. దైవధ్యానమునకు అంకితమైన చేతులకు కత్తులిచ్చిన ఆ దృశ్యము అతని కీర్తిపై మచ్చ. కాని అక్టోబరు 2న యెరూషలేము స్వాధీనమైనపుడు అతడిచ్చిన మాటను నిలబెట్టుకొనెను. పురుషునకు పది, స్త్రీకి ఐదు దీనారముల చొప్పున చెల్లించినవారు సురక్షితముగా వెడలిరి. నగరమున వధ జరుగలేదు. 1099లో శిలువ వీరులు ఆ నగరమున పారించిన రక్తమును తలచుకొన్నవారికి ఇది అల్పవిషయముగా కనబడదు. అయినను ధనము లేని వేలమంది దాసులైరని చెప్పకుండుట అసంపూర్ణసత్యమగును.

ఆ కాలముననే ఇద్దరు క్రైస్తవప్రభువులు సలాదీనునకు బాస చేసిరి. వారి కథలను ప్రక్కప్రక్కన నిలిపిన మన ప్రశ్నకు సమాధానము దొరకును. ఇబెలిను బాలియను భార్యాబిడ్డలను తెచ్చుకొనుటకై, ఒక్క రాత్రి కంటె నిలువనని బాస చేసి యెరూషలేములోనికి పోయెను. నాయకుడు లేని ప్రజలు అతని కాళ్లు పట్టుకొని నిలువుమనిరి. పేట్రియార్కు అతనిని ఆ బాసనుండి విముక్తుని చేయుదు ననెను. బాలియను అంతటితో తృప్తి చెందక, బాస పుచ్చుకొన్న సలాదీనునకే వర్తమానము పంపి తన చిక్కును విన్నవించెను. సలాదీను మన్నించుటయే కాక, బాలియను కుటుంబమును పరివారము నిచ్చి సురక్షితముగా పంపెను. రాజగు గై 1188లో, ఇక ఆయుధము పట్టనని ప్రమాణము చేసి విడుదల పొంది, అన్యునికిచ్చిన మాట బంధింపదని మతాచార్యులచేత చెప్పించుకొని, 1189లో అక్కా నగరమును ముట్టడించెను. శుక్రాచార్యులు అన్ని దేశములందును కలరు. బలులు మాత్రము అరుదు.

బాలియనునకు తెలిసి గైకి తెలియనిదేమి? బాసను విప్పగలవాడు దానిని పుచ్చుకొన్నవాడే గాని, తనవైపు నిలిచిన ఆచార్యుడు కాడు. ఒకవైపు మాత్రమే నిలిచినవాడు సాక్షి కాజాలడు. వానిని లోకము పక్షపాతి యనును. దైవమును మన పక్షమునకు మాత్రమే చెందినవానిగా చేసికొన్న మరుక్షణము ఆయనను సాక్షిస్థానమునుండి దింపివేసినవారమగుదుము. ఇక ఆయన పేర చేయు ప్రమాణమునకు ప్రాణము లేదు. రేనాల్డు దైవమును ప్రేమింపలేదని నేననను. తన ఖడ్గమునకు తోడుగా ప్రేమించెను, తన కోటకు కాపుగా ప్రేమించెను, తుదకు ఆయన కొరకు మెడ నిచ్చెను. కాని కెరక్ కొండల క్రింద సంధిని నమ్మి నడుచుచున్న ఆ బిడారు మనుష్యుని ప్రక్కనను ఆయనయే నడుచుచున్నాడని ఊహింపలేకపోయెను. సాక్షి యెప్పుడును ఇరువురి నడుమ నిలుచును. ఏ యొక్కని వెనుకను దాగడు.